ఒక్క ప్లగ్గు ఉన్న ఇల్లు

పిల్ల లేచిపోయిందని ఇనస్పెక్టరు తేల్చేశాడు. తేల్చేసి, ఆ లాప్‌టాప్ రిపేరు షాపులో ఉన్న ఒకే ఒక్క తిరుగుడు కుర్చీలో కూలబడి, సంతోషం పట్టలేక ఒక చుట్టు తిరిగాడు కూడా.

“అయిపోయింది బావా! కేసు మూసేస్తున్నా. నువ్వింక ఇంటికెళ్ళి అక్క చేత కాఫీ పెట్టించుకుని తాగు.”

“మీ అక్క కాఫీ తాగి కూడా ఇన్నేళ్ళు బతికున్నానంటేనే అర్థం కావట్లేదా, నేను తేలిగ్గా వదిలే రకం కాదని?” అన్నాడు ముక్కుగారు.

డిటెక్టివును ఊరంతా ముక్కుగారనే పిలుస్తుంది. వీధి మలుపు తిరిగితే ముందు ఆ ముక్కు వస్తుంది, కాసేపాగి తీరిగ్గా ఆయన వస్తాడు. ఓసారి జలుబు చేసి వారం రోజులు ఆయన మంచం దిగకపోతే, ఆ కబురు విని పొరుగూళ్ళ దొంగలు కూడా బస్సులు కట్టించుకుని వచ్చారని చెప్పుకుంటారు. బస్సులో సీటు దొరక్క పైన కూర్చుని వచ్చినవాళ్ళున్నారట. అంతటి ముక్కుకీ ఇవాళ ఈ షాపులో వైర్లు అతికించే సాల్డరు కాలిన వాసన తప్ప మరేదీ తగలడం లేదు. అదే ఆయనకు దిగులుగా ఉంది.

బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. తెర నిండా పెద్ద పెద్ద అక్షరాల్లో రెండు వరుసలు: ‘అమ్మా, నాకు నచ్చినవాడితో వెళ్ళిపోతున్నాను. నా కోసం వెతకొద్దు.’

ఆ అమ్మ అక్కడే ఉంది. గోడవారగా నిలబడి ఉంది. వీధిలో ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. మెడలో కొలతల టేపు. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యదు. స్నానానికి తీస్తుందా తియ్యదా అని వీధిలో రెండు పార్టీలున్నాయి.

“మా బుడ్డి అట్లాంటిది కాదు బాబూ,” అంది ఆవిడ. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ మాట అనడం ఎన్నోసారో ఆవిడకే తెలియదు.

కూతురు బుడ్డి, సీసా నీళ్ళ కంపెనీలో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తుంది. సోమవారం సాయంత్రం తల్లితో, ‘అమ్మా, మా కంపెనీ నీళ్ళు ముట్టుకోకు. నేను చూసిందంతా ఇందులో పెట్టాను. రేపు పెద్దాఫీసులో చూపిస్తా’ అని లాప్‌టాప్ మీద తట్టి చెప్పింది. మంగళవారం పొద్దున ఆ లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఇవాళ రిపేరు మాస్టరు తనంతట తానే పోలీసులకు ఫోను చేసి, ‘ఆ అమ్మాయి మిషను నా దగ్గరుంది సార్’ అన్నాడు.

“అమ్మా, ఎంతసేపు నిలబడతారు? కూర్చోండి.” జీపు డ్రైవరు ఎక్కడినించో స్టూలు తెచ్చి వేశాడు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఇనస్పెక్టరుకు రాని మర్యాద వాళ్ళ డ్రైవరుకు వచ్చిందే అనుకుని ముక్కుగారు మెచ్చుకోలుగా తలూపాడు.

టైలరమ్మ సీసా చూసి చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు నాయనా. ఈ నీళ్ళు వద్దంది మా బుడ్డి.”

“ఊరంతా తాగేది అవే కదమ్మా,” అని నవ్వి, డ్రైవరు ఆ సీసా తనే తాగుతూ బయటికెళ్ళి జీపుకు చేరగిలబడ్డాడు.

ముక్కుగారు రిపేరు మాస్టరు వైపు తిరిగాడు. సన్నగా, పొడుగ్గా, స్క్రూడ్రైవరుకు చొక్కా తొడిగినట్టుంటాడు. పక్క జేబులో చిన్న బ్రష్షు. మాట్లాడినంతసేపూ దాంతో బల్ల మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

“మాస్టరూ, ఈ పిల్ల దీనికి గట్టి తాళం వేసుకుందని విన్నానే. మరి చుట్టాలింటి తలుపులా తెరుచుకుందేం?”

“డిస్కు లాకు సార్. ఎన్‌క్రిప్షన్ అంటారు. అదిప్పుడు లేదు. తీసేసే ఇచ్చింది.”

“తీసెయ్యడమంటే? పాస్‌వర్డ్ కొట్టడమేనా?”

“కాదు సార్, అది వేరు, ఇది వేరు.” పని సంగతి వచ్చేసరికి మాస్టరు బ్రష్షు ఆగింది, గొంతు తేరుకుంది. “లాకు వేస్తే డిస్కులో ఉన్న ప్రతి అక్షరం తలకిందులైపోతుంది. పాస్‌వర్డ్ కొడితే అప్పటికప్పుడు మనకు సరిగ్గా చూపిస్తుందంతే, లోపల మాత్రం తలకిందులుగానే ఉంటుంది. లాకు పూర్తిగా తీసెయ్యమంటే ఒక్కో అక్షరాన్నీ వెనక్కి తిప్పి పెట్టుకుంటూ రావాలి.”

“కుట్టు విప్పినట్టా బాబూ?” అంది టైలరమ్మ.

“అదేనమ్మా! సరిగ్గా అదే. చొక్కా మొత్తం కుట్టు కుట్టూ విప్పినట్టు. ఈ మిషను ముసలిది కదా, ఎంత లేదన్నా ఒక రాత్రి పడుతుంది.”

“మరి తియ్యకుండా నువ్వే పగలగొట్టలేవూ?” అన్నాడు ముక్కుగారు.

“నేనే కాదు సార్, దీన్ని చేసినవాడి తాతముత్తాతలు దిగొచ్చినా పగలదు. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి చెప్పాల్సిందే.”

ఇనస్పెక్టరు కుర్చీ చప్పుడు చేస్తూ ఇంకో చుట్టు తిరిగింది. “విన్నావుగా బావా? పాస్‌వర్డ్ ఆ పిల్లకి తప్ప ఎవరికీ తెలియదు. తీసింది ఆ పిల్లే. రాసింది ఆ పిల్లే. పోయింది ఆ పిల్లే. నీ ముక్కు పెట్టాల్సిన సందే లేదు ఇందులో.”

“ఉండవయ్యా, ముక్కంటే గుర్తొచ్చింది, తుమ్మొస్తోంది,” అంటూ ముక్కుగారు వెనక్కి జరిగాడు. తుమ్ము వచ్చింది. అది మామూలు తుమ్ము కాదు. పక్క షాపులో గడియారాలు ఆగిపోయే తుమ్ము. ఆ ఊపులో ఆయన కాలు కింద వైరుకు తగిలింది. ప్లగ్గు ఊడింది. లాప్‌టాప్ తెర టప్పున నల్లబడింది.

“చంపావు కదయ్యా! సాక్ష్యం!” అని ఇనస్పెక్టరు గావుకేక పెట్టాడు.

“ఏం కాదు సార్,” అని మాస్టరు గబగబా వంగి ప్లగ్గు పెట్టాడు. “దీనికి బ్యాటరీ లేదు, అంతే. ఉబ్బిపోతే పోయిన నెల నేనే పీకేశాను. కొత్తది ఇంకా రాలేదు.”

ముక్కుగారు ముక్కు తుడుచుకున్నాడు. కావాలనే తన్నాడో, పొరపాటున తగిలిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఆయన్నడిగితే తుమ్ము మీద ఒట్టేస్తాడు.

“అంటే వైరు తగిలించి ఉన్నంతసేపే ఇది బతుకుతుంది.”

“అవును సార్.”

“మరి లాకు ఎప్పుడు తీసిందట?”

“సోమవారం రాత్రి ఇంట్లో పెట్టుకుని తీసిందట సార్. మంగళవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ నాకిచ్చింది. కీబోర్డు మార్చమని.” మాస్టరు గోడ మీద రాసి ఉన్నది చూపించాడు: ‘లాకు తీసి ఇవ్వండి. తియ్యకపోతే మేం చెయ్యి పెట్టం.’ “లోపలి బోర్డు మారిస్తే లాకు మనల్ని గుర్తుపట్టదు సార్. లోపలున్న పెళ్ళిఫోటోలూ అవీ అన్నీ పోయి జనం ఇక్కడ కూర్చుని ఏడుస్తారు. అందుకే ఎవరైనా సరే, చిన్న పనికైనా సరే, లాకు తీస్తేనే పట్టుకుంటా.”

“సోమవారం రాత్రి. ఇంట్లో. గట్టిగా చెప్తున్నావా?”

“ఆ పిల్ల నోటితో చెప్పింది సార్.”

ముక్కుగారు స్టూలు దగ్గరికెళ్ళి చతికిలబడ్డాడు. “అక్కయ్యా, సోమవారం రాత్రి మీ ఇంట్లో ఏం జరిగింది?”

“ఏముంటుంది బాబూ? స్కూలు యూనిఫారాలు. తెల్లారేసరికి ఇవ్వాలి. రాత్రంతా మిషను ఆపలేదు.”

“మోటారు మిషనా?”

“మోటారుదే. కాళ్ళు లాగేస్తున్నాయని బుడ్డే పెట్టించింది.”

“ఈ లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుంది మరి?”

“ఎక్కడా పెట్టుకోలేదు. మా ఇంట్లో ప్లగ్గు ఒక్కటే కదా.”

ముక్కుగారు ఇందాక తను ఊడదన్నిన ప్లగ్గు వైపు చూశాడు.

“ఒక్కటే,” అంది ఆవిడ మళ్ళీ, తనేదో తప్పు చెప్పినట్టు అందరి మొహాలూ చూస్తూ. “అందులో నా మిషను ఉంది. ‘సెల్లుకైనా కాసేపు పెట్టుకోనివ్వమ్మా’ అంది. ‘ప్లగ్గు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా’ అన్నాను. మూతి ముడుచుకుని పడుకుంది. లాప్‌టాప్ మూసి చాప మీద పెడితే, కుట్టిన చొక్కాలు దాని మీదే పేర్చుకున్నాను.”

“ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి రెండూ పెట్టుకోవచ్చుగా?” అన్నాడు ఇనస్పెక్టరు. ఈసారి కుర్చీ తిరగలేదు.

“రెండు పెడితే ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటే బాబూ. ఆ వైర్లు మా అత్తగారికంటే పెద్దవి.”

“అంతకు ముందే ఎప్పుడో తీసేసుంటుంది!” ఇనస్పెక్టరు పట్టు వదల్లేదు.

“సోమవారం సాయంత్రం కాసేపు తెరిచింది కదా అక్కయ్యా, మీకు చూపించేటప్పుడు?” అన్నాడు ముక్కుగారు.

“తెరిచింది. నేను చేత్తో కాజాలు కుడుతున్నాను, ప్లగ్గు ఖాళీగా ఉంది. నల్ల తెర మీద తాళం బొమ్మ వచ్చింది. పాస్‌వర్డ్ కొడుతూ ‘అటు తిరుగు’ అంది. నాకు చదవడమే రాదు, నేను చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి? అయినా అటు తిరిగాను.”

ముక్కుగారు లేచాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. “విన్నావా బావమరిదీ? సోమవారం సాయంత్రం తాళం ఉంది. ఆ రాత్రి ఈ మిషనుకి కరెంటే లేదు. మంగళవారం పొద్దున తీసుకెళ్ళింది. ఒక రాత్రి పట్టే పని ఇంట్లో జరగలేదు. ఇల్లు దాటాకే జరిగింది. పాస్‌వర్డ్ ఆ పిల్ల ఇల్లు దాటాకే చెప్పింది. ఎవరికో చెప్పింది.”

“అయితే... అయితే ఆ నచ్చినవాడికే చెప్పుంటుంది!”

“నచ్చినవాడికి పాస్‌వర్డ్ చెప్తారటయ్యా? కట్టుకుని పాతికేళ్ళయింది, మీ అక్కకి నా సెల్లు పాస్‌వర్డ్ చెప్పానా నేను? అమ్మని అటు తిరగమన్న పిల్ల అది! ఊరికే చెప్పదు. చెప్పించారు!”

“బావా! అక్క మొహం చూసి ఊరుకుంటున్నా!”

“ఆ మొహం చూసే నేను పాతికేళ్ళుగా ఊరుకుంటున్నాను. మంగళవారం రాత్రి నించీ నీ స్టేషను బెంచీ మీద కూర్చుని ఫిర్యాదు రాసుకో నాయనా, రాసుకో నాయనా అని బతిమాలాను. బెంచీకి నా ఆకారం అచ్చుపడింది కానీ నువ్వు కాగితం తియ్యలేదు. లేచిపోయిందన్నావు. ఇప్పుడేమంటావు?”

ఇనస్పెక్టరు తెర మీది రెండు వరుసలూ మళ్ళీ చదివాడు. గెలిచానని ముక్కుగారి ఛాతీ పొంగింది. పొంగుతూ పొంగుతూనే టైలరమ్మ మొహం కనపడింది, పొంగు చప్పున చల్లారిపోయింది.

ఆవిడ టేపు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

“అంటే బాబూ... దాన్ని ఎవరో పట్టుకెళ్ళారా?”

ముక్కుగారు మళ్ళీ స్టూలు పక్కన చతికిలబడ్డాడు.

“కొట్టి చెప్పించారా?”

“అక్కయ్యా...”

“లేచిపోయిందని వాళ్ళన్నప్పుడు చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది బాబూ. ఇప్పుడనిపిస్తోంది, అదే నయం. ఎక్కడో ఒకచోట, ఎవడో ఒకడితో, తిని పడుకుని ఉంటుంది కదా.” ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. “మీరు తెలివైనవారు. ఎట్లాగైనా లేచిపోయిందనే తేల్చండి బాబూ.”

ఊరూరా చెప్పుకునే డిటెక్టివు, బస్సుల కొద్దీ దొంగల్ని భయపెట్టిన ముక్కు, ఆ మాట విని తల దించుకున్నాడు. ఆవిడకున్న ఒక్క దిక్కుమాలిన ఆశనీ తన చేత్తో తనే పీకి పారేశాడు, ప్లగ్గు పీకినట్టు.

ఇంక మిగతాది ఆవిడ వినకూడదనుకున్నాడు. గుమ్మంలోకెళ్ళి కేకేశాడు. “బాబూ డ్రైవరూ, అమ్మగారిని జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపిరావయ్యా.”

“దానికేం సార్? రండమ్మా, మెల్లిగా. మెట్టుంది చూసుకోండి.” డ్రైవరు ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు, కన్నకొడుకులా.

ముక్కుగారు షట్టరు సగానికి దించి వెనక్కి వచ్చాడు. రిపేరు మాస్టరు బ్రష్షు ఇప్పుడు బల్లని కాదు, గాలిని తుడుస్తోంది.

“చెప్పు మాస్టరూ. లాకు తీసింది నువ్వు. ఈ బల్ల మీదే తీశావు.”

మాస్టరు నేల మీద కూర్చుండిపోయాడు. “నాకు పెళ్ళాం బిడ్డలున్నారు సార్.”

“ఆవిడకీ ఒక బిడ్డ ఉంది.”

మాస్టరు బ్రష్షు కింద పెట్టేశాడు. “మంగళవారం సాయంత్రం ఈ మిషను తెచ్చి నా ముందు పడేశారు సార్. తెరవమన్నారు. నేను నిజమే చెప్పాను. ఇది పగలదు, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి చెప్పాల్సిందే అన్నాను. రోజూ పదిమందికి చెప్పే మాటే సార్! మనిషి చెప్పాలి అన్నాను. అంతే. ‘సరే, మనిషి సంగతి మేం చూసుకుంటాం’ అన్నారు.”

ఇనస్పెక్టరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“బుధవారం సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఫోను స్పీకర్లో పెట్టారు. ఆ పిల్ల గొంతే. బ్యాటరీకి వచ్చినప్పుడల్లా అన్నా అన్నా అని వాగే పిల్ల సార్. గొంతు ఎండిపోయి ఉంది. ఒక్కో అక్షరం చెప్పింది, కొట్టాను. తెరుచుకుంది. వాళ్ళకి కావలసింది లోపలున్నవి చూసి చెరిపెయ్యడం. అయిదు నిమిషాల పని. అప్పుడు ఆ పిల్ల అంది సార్... ‘అన్నా, నువ్వెప్పుడూ చేసినట్టే చెయ్యి’ అంది.”

“ఎప్పుడూ చేసినట్టే?”

“లాకు తియ్యందే నేను డిస్కు మీద చెయ్యి వెయ్యనని ఆ పిల్లకి తెలుసు సార్. వాళ్ళతో అన్నాను, లాకు తియ్యకుండా చెరిపితే చెరిగినట్టు కాదు, ముందు తియ్యాలి, రాత్రంతా పడుతుంది అని. నమ్మారు. మధ్యలో ఇంకోసారి పాస్‌వర్డ్ అడిగితే కష్టమని ఆ పిల్లని ప్రాణాలతో ఉంచారు.”

ముక్కుగారు వేళ్ళ మీద లెక్కేశాడు. తాళం వేసుకుని ఒక రోజు బతికింది. తాళం తీయిస్తూ ఇంకో రాత్రి బతికింది. పిల్ల ఒంటరిగా, ఎక్కడో కట్టేసి ఉండి, కుట్టు కుట్టూ విప్పించుకుంటూ వెతికేవాళ్ళకి ఒక రాత్రి సంపాదించి పెట్టింది. ఆ రాత్రంతా తను స్టేషను బెంచీ మీద బావమరిదితో వాదించాడు.

“తర్వాత?”

“గురువారం తెల్లవారుతుండగా తెర మీద నూరు శాతం అని పడింది సార్. చూశారు. చెరిపించారు. ఆ రెండు వరుసలూ కొట్టించారు. రేపు నువ్వే పోలీసులకు ఫోను చెయ్యి, లాకు ఆ పిల్లే ఇంట్లో తీసి ఇచ్చిందని చెప్పు అన్నారు. ‘ఇంక ఆ పిల్లతో పనిలేదు’ అని ఫోనులో ఎవరికో చెప్పి, పెట్టేశారు.”

లాప్‌టాప్ తెర మీద ఆ రెండు వరుసలూ అట్లాగే వెలుగుతున్నాయి.

“తెచ్చారు, చూశారు, చెప్పారు అంటున్నావు,” అన్నాడు ఇనస్పెక్టరు. గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది. “ఎవరయ్యా తెచ్చింది?”

మాస్టరు తలెత్తి ఇనస్పెక్టరునే చూశాడు. “మీరు పంపించారనుకున్నాను సార్. అందుకే మీ ముందు నోరెత్తలేదు.”

“నేనా?”

“మీ జీపులోనే వచ్చాడు కదా సార్. ఇందాక అమ్మగారికి స్టూలు వేసి, నీళ్ళిచ్చాడే... ఆయనే.”

ఇనస్పెక్టరు లేచిన ఊపుకి తిరుగుడు కుర్చీ ఒక్కటే ఖాళీగా గిర్రున తిరిగింది. “జీపు నిండా ఆ కంపెనీ సీసాలు... ఎక్కడివిరా అంటే, తెలిసినవాళ్ళు ఊరికే ఇస్తారు సార్ అన్నాడు... నేనూ తాగాను బావా, నెలల తరబడి తాగాను...”

ముక్కుగారు అప్పటికే షట్టరు కింద నించి దూరి బయటపడ్డాడు. పాతిక కేసుల్లో ఆయన్ను ముందుకు లాక్కెళ్ళిన ముక్కు ఈ ఒక్క కేసులో చచ్చినట్టు పడి ఉంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. నీళ్ళకి వాసనుండదు.

ప్లగ్గు సంగతి ఈ లోకంలో గట్టిగా చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆవిడ ఆ మాట చెప్పేటప్పుడు జీపు డ్రైవరు గుమ్మానికి అవతలే నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. ఆవిణ్ణి అతని చేతికి అప్పగించింది ముక్కుగారే. జాగ్రత్తగా దింపిరావయ్యా అని మరీ చెప్పాడు.

ఇనస్పెక్టరు వెనకాల పరుగున వచ్చి ఫోను చెవికి పెట్టుకున్నాడు. “స్విచాఫ్ బావా. స్విచాఫ్ చేశాడు.”

టైలరమ్మ ఇల్లు కుడివైపు. జీపు చక్రాల గుర్తులు ఎడమవైపు తిరిగి ఉన్నాయి.

తిరిగినచోట, రోడ్డు మధ్యలో, పసుపుపచ్చగా ఏదో పడి ఉంది. ముక్కుగారు వంగి తీశాడు. కొలతల టేపు. ఆవిడ నిద్రలో కూడా తియ్యని టేపు. తెగలేదు, చిరగలేదు. ఎవరో తీరిగ్గా మెడలోంచి తీసి, కిటికీలోంచి జారవిడిచినట్టుంది.

కూతురు ఒక రాత్రి సంపాదించి పెట్టింది. తల్లి ఒక మలుపు చూపించింది.

ముక్కుగారు టేపు మెడలో వేసుకుని ఎడమవైపు పరుగెత్తాడు. ఎదురుగా రోడ్డు రెండుగా చీలుతోంది. రెండింటి మీదా ఏమీ లేదు.